ఉక్రోషానికి మైకు దొరికితే

ఇంటర్నెట్ ద్వారా ఇతర ఇళ్లలో, ఇతర దేశాల్లో ఉన్నవారితో జట్టుకట్టి గానీ, వారికి పోటీగా గానీ ఆడే వీడియో ఆటను ఆన్‌లైన్ ఆట అంటారు. ఇందులో ఆటతో పాటు మాట కూడా ఉంటుంది. చెవులకు తగిలించుకునే హెడ్‌సెట్‌లోని మైకు ద్వారా మాట్లాడుకునేది వాయిస్ చాట్ కాగా, తెర మీద అక్షరాలు కొట్టి పంపుకునేది టెక్స్ట్ చాట్. బ్రిటన్‌లో ప్రసార, సమాచార రంగాలను నియంత్రించే ఆఫ్‌కామ్ సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం ఆ దేశంలో 3 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిది మంది ఏదో ఒక వీడియో ఆట ఆడుతున్నారు; ఒకప్పుడు పిల్లలు కలుసుకునేందుకు వీధి, పార్కు, బడి ఆవరణ ఉన్నట్టే ఇప్పుడు ఫోర్ట్‌నైట్, రోబ్లాక్స్, మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటలు ఉన్నాయి. అక్కడ పిల్లల నోటి నుంచి వెలువడుతున్న బూతులు, బెదిరింపులు, జాతి దూషణలు గత రెండు దశాబ్దాలలో ఆ దేశపు తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, చివరికి పార్లమెంటును కూడా కలవరపెట్టాయి.

కలవరానికి లెక్కల ఆధారం లేకపోలేదు. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం 2020 మార్చితో ముగిసిన ఏడాదికి ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాల్లో జరిపిన సర్వేలో, 10 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో 19 శాతం మంది, అంటే సుమారు 7,64,000 మంది, ఆన్‌లైన్‌లో ఏదో ఒక రకమైన వేధింపును చవిచూశారని తేలింది. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన రెండు రకాలలో ఒకటి తిట్టడం, పేర్లు పెట్టి అవమానించడం. ఈ అంకెలు ఇంటర్నెట్ మొత్తానికి సంబంధించినవి, ఆటలకు మాత్రమే కావు. ఆటల మీదనే దృష్టి పెట్టిన సర్వేను 2017లో బ్రైటన్ నగరానికి చెందిన డిచ్ ద లేబుల్ అనే స్వచ్ఛంద సంస్థ జరపగా, జవాబిచ్చిన యువతలో 57 శాతం మంది ఆటలో వేధింపుకు గురయ్యామని, 22 శాతం మంది ఆ కారణంగా ఏదో ఒక ఆటను మానుకున్నామని చెప్పారు. అయితే ఇది ఇంటర్నెట్‌లో దొరికినవారిని అడిగి చేసిన సర్వే కనుక దీన్ని దేశంలోని పిల్లలందరికీ వర్తింపజేయడం సరికాదు. గణాంక కార్యాలయం సర్వేలోనే ఇంతకన్నా ఆలోచింపజేసే అంకె మరొకటి ఉంది. వేధింపును ఎదుర్కొన్న పిల్లల్లో 52 శాతం మంది తమకు జరిగినదాన్ని వేధింపు అని అనబోమన్నారు. పెద్దలకు దారుణంగా వినిపించే మాట పిల్లలకు ఆటలో భాగంగానో, ఇక తప్పదనుకుని అలవాటుపడ్డ సంగతిగానో తోస్తున్నదన్నమాట.

పిల్లలు తిట్టుకోవడం కొత్త కాదనడానికి బ్రిటన్‌లోనే గట్టి సాక్ష్యం ఉంది. ఐయోనా ఓపీ, పీటర్ ఓపీ అనే దంపతులు 70 బళ్లకు చెందిన దాదాపు 5,000 మంది పిల్లల నుంచి వారి పలుకుబడులను సేకరించి 1959లో 'ద లోర్ అండ్ లాంగ్వేజ్ ఆఫ్ స్కూల్‌చిల్డ్రన్' అనే గ్రంథాన్ని ప్రచురించారు. అందులో పిల్లల పొడుపుకథలు, ఒట్లు ఉన్నట్టే వెక్కిరింపులు, పెట్టుడు పేర్లు, లావుపాటివాణ్ణి, పిరికివాణ్ణి, చాడీలు చెప్పేవాణ్ణి ఏడిపించే మాటలు కుప్పలుగా ఉన్నాయి. వాటిని చదివినవారెవరూ వెనకటి తరం పిల్లలు నోట్లో వేలుపెడితే కొరకలేని అమాయకులని అనుకోలేరు. ఆ గ్రంథంలో తిట్లకన్నా విలువైన అధ్యాయం మరొకటి ఉంది: ఆట నడుస్తుండగా బూటు తాడు ఊడినా, డొక్కలో పట్టేసినా, మోకాలు చీరుకుపోయినా పిల్లవాడు వేళ్లు మెలివేసి చూపుతూ ఒక మాట అంటే చాలు, ఎదుటివాడు ఆ క్షణాన అతణ్ణి ముట్టుకోకూడదు. ఆ మాట లండన్ చుట్టుపక్కల 'ఫేనైట్స్', స్కాట్లండ్‌లోనూ పశ్చిమ ఇంగ్లండ్‌లోనూ 'బార్లీ', ఈశాన్య ప్రాంతంలో 'స్కించ్', తూర్పు ప్రాంతంలో 'కింగ్స్'. తెలుగు ఊళ్లలో పరుగు ఆపి 'టైం ప్లీజ్' అనే పిల్లలకు ఈ ఏర్పాటు వేరే వివరించనక్కరలేదు. పెద్దలు నేర్పకుండా, రాతపూర్వకమైన నియమమేదీ లేకుండా, పిల్లలే తరతరాలుగా నిలబెట్టుకున్న కాల్పుల విరమణ అది. తొండి ఆడినవాణ్ణి వెలివేయడం, కచ్చి కొట్టడం, మర్నాటికి మళ్లీ జట్టు కలపడం కూడా ఆ న్యాయవ్యవస్థలో భాగాలే.

హెడ్‌సెట్‌లో కరువైనవి సరిగ్గా ఇవే. బడి ఆవరణలో మాట మీరిన పిల్లవాడికి ఎదుటివాడి ముఖం కందిపోవడం, కళ్లలో నీళ్లు తిరగడం అక్కడికక్కడే కనిపిస్తుంది. తిట్టిన నోటితోనే రేపు అదే బెంచీ మీద కూర్చుని రబ్బరు అడుక్కోవాలి. మాట మరీ హద్దు దాటితే చుట్టూ ఉన్న నలుగురూ 'చాల్లే' అంటారు. ఆన్‌లైన్ ఆటలో ఎదుటివాడు ముద్దుపేరు తగిలించుకున్న ఒక బొమ్మ, ఇరవై నిమిషాల తర్వాత ఎప్పటికీ కనిపించని అపరిచితుడు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సులర్ 2004లో ఈ స్థితికి ఆన్‌లైన్ సంకోచరాహిత్యం అని అర్థం వచ్చే పేరు పెట్టి, దానికి ఆరు కారణాలు చూపాడు. తానెవరో ఎదుటివారికి తెలియకపోవడం, తన ముఖం వారికి, వారి ముఖం తనకు కనిపించకపోవడం, అక్కడ జరిగేదంతా ఉత్తుత్తి లోకమనే భావన, పెద్దరికం చెల్లే మనిషి దగ్గర లేకపోవడం వాటిలో ముఖ్యమైనవి. ఈ వివరణ పెద్దలకూ వర్తిస్తుంది; కానీ కోపాన్ని మింగుకోవడం ఇంకా నేర్చుకుంటున్న పదకొండేళ్ల పిల్లవాడికి ఇవన్నీ ఒక్కసారిగా అమరితే నోటికి పట్టపగ్గాలు ఉండకపోవడంలో వింతేముంది?

పిల్లలు వచ్చి ఆన్‌లైన్ ఆటలను పాడుచేశారనుకోవడం కూడా పొరపాటే. నలుగురూ కలిసి ఒకే కల్పిత లోకంలో తిరిగే కంప్యూటర్ ఆటల తొలి రూపాల్లో ఒకటి ఇంగ్లండ్‌లోనే పుట్టింది. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా అతని సహ విద్యార్థి రిచర్డ్ బార్ట్‌ల్ కొనసాగించిన 'మడ్' అనే ఆటలో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ఆటగాళ్ల తీరును ఏళ్ల తరబడి గమనించిన బార్ట్‌ల్ 1996లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో వారిని నాలుగు రకాలుగా విభజించాడు: ఘనతలు కూడబెట్టేవారు, కొత్త చోట్లు వెతికేవారు, కబుర్ల కోసం వచ్చేవారు, ఇతరులను బాధించడంలోనే ఆనందం పొందేవారు. నాలుగో రకాన్ని అతడు నేరుగా హంతకులన్నాడు. పసిపిల్లలు ఈ లోకంలోకి అడుగుపెట్టేనాటికే ఆ రకం అక్కడ స్థిరపడి ఉంది. పిల్లలు నేర్చుకున్న బూతుల్లో చాలా భాగం తమకన్నా పెద్దవారి నుంచి విన్నవే అయి ఉంటాయి.

ఇక ఆ నోరు ఎప్పుడు లేస్తుందన్నది చూడాలి. ఫోర్ట్‌నైట్‌లో 2017 సెప్టెంబరు నుంచి లోకమంతా ఆడుతున్న పోటీ పద్ధతిని తీసుకుంటే, 100 మంది ఆటగాళ్లు ఒక దీవి మీదికి దిగుతారు, ఆయుధాలు ఏరుకుంటారు, ఆట సాగేకొద్దీ దీవిలో నిలవగలిగే జాగా కుంచించుకుపోతూ అందరినీ ఒకచోటికి తోస్తుంది, చివరికి మిగిలిన ఒక్కరో ఒక్క జట్టో గెలుస్తుంది. ఒంటరిగా ఆడితే వందలో తొంభైతొమ్మిది మందికి ఓటమి తప్పదు. దిగిన నిమిషంలోనే దెబ్బతిన్న పిల్లవాడు తనను ఓడించినవాడు తన ముందే బొమ్మ చేత చిందులు వేయించడం చూడవలసి వస్తుంది. జట్టుగా ఆడుతుంటే, ముక్కూముఖం తెలియని జోడీ చేసిన తప్పు వల్ల తాను ఓడాననిపిస్తుంది, ఆ జోడీ గొంతు మైకులో వినిపిస్తూనే ఉంటుంది. తెలుగులో ఉక్రోషం అనే మాట సరిగ్గా ఈ క్షణానికే పుట్టినట్టుంటుంది: కోపం, చిన్నతనం, చేతకానితనం కలిసి గొంతులో అడ్డుపడినప్పుడు బయటికి వచ్చేది వాదం కాదు, తిట్టు.

ఈ ఉక్రోషాన్ని శాస్త్రీయంగా కొలిచినవారూ ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ షిబిల్‌స్కీ అమెరికాలోని రోచెస్టర్ పరిశోధకులతో కలిసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, హాఫ్-లైఫ్ 2 అనే కాల్పుల ఆటను రెండు రూపాల్లో తయారుచేశారు. ఒక రూపంలో శత్రువులు నెత్తురోడుతూ చస్తారు, మరో రూపంలో హింస ఏదీ లేకుండా మాయమైపోతారు. ఆటగాళ్లలో కొందరికి ముందుగా మీటలు వాడడం నేర్పారు, కొందరిని నేర్పకుండానే దించారు. ఆట ముగిశాక దూకుడు ఎక్కువగా కనబడింది నెత్తురు చూసినవారిలో కాదు, ఆడడం చేతకాక ఇబ్బందిపడినవారిలో. అదే షిబిల్‌స్కీ 2019లో కార్డిఫ్‌కు చెందిన నెట్టా వైన్‌స్టైన్‌తో కలిసి 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు 1,004 మందిని, వారి సంరక్షకులను ప్రశ్నించి, హింసాత్మక ఆటలు ఆడే సమయానికీ పిల్లల దూకుడు ప్రవర్తనకూ సంబంధం కనిపించలేదని తేల్చాడు. తుపాకుల ఆట ఆడితే పిల్లవాడు రౌడీ అవుతాడన్న భయం పత్రికల శీర్షికలకు బాగా పనికివచ్చింది గానీ, ఓటమిని తట్టుకోవడం నేర్పే పని ఎవరిదన్న అసలు చర్చను అది చాలాకాలం మరుగుపరచింది.

తిట్టుకు ఉపయోగం కూడా ఉందని చెప్పే పరిశోధన బ్రిటన్‌లోనే జరిగింది. కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ 2009లో జరిపిన ప్రయోగంలో, మంచులా చల్లని నీటిలో చేయి ముంచినవారు బూతుమాట పదేపదే అంటున్నప్పుడు, మామూలు మాట అన్నప్పటికన్నా ఎక్కువసేపు నొప్పిని భరించగలిగారు. కనుక ఓడిన క్షణంలో గోడకేసి ఒక బూతు విసరడం ఒకటి, ఎదుటి మనిషి మీద విసరడం మరొకటి. ఈ తేడా తెలియని పెద్దలు రెండింటికీ ఒకే శిక్ష వేసి, పిల్లవాడికి ఆ తేడా ఎప్పటికీ తెలియకుండా చేస్తారు.

మనిషి మీద విసిరేవాటిలోనూ మెట్లున్నాయి. ఆట రానివాణ్ణి 'నూబ్' అనడం, గెలిచాక 'ఈజీ' అని ఎకసెక్కంగా కొట్టడం, ఎదుటివాణ్ణి మనిషే కాదు 'బాట్' అనడం, అంటే కంప్యూటర్ నడిపే డమ్మీ ఆటగాడనడం మొదటి మెట్టు. కబడ్డీ కూతకొచ్చినవాణ్ణి రెచ్చగొట్టడంతో సమానమైన ఈ వెక్కిరింపును చాలా ఆట సంస్థలు కూడా సహిస్తాయి. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక పిల్ల వారాల తరబడి కట్టుకున్న ఇంటిని మరొకరు వచ్చి కావాలని కూల్చిపోవడం రెండో మెట్టు. ఇందులో బూతు ఒక్కటీ ఉండదు, అయినా ఏ బూతుకన్నా తక్కువ నొప్పి కాదు. దీన్ని ఆటగాళ్ల భాషలో 'గ్రీఫింగ్' అంటారు. ఆ పైమెట్టు మీద ఎదుటివాణ్ణి చావమనడం, ఆ మాటను పొడి అక్షరాలుగా కుదించి మామూలు మాటలా వాడేయడం ఉన్నాయి. అన్నిటికన్నా పైన రంగునూ జాతినీ మతాన్నీ పట్టుకుని తిట్టడం ఉంది.

ఈ చివరి మెట్టు ఎంత సులభంగా ఎక్కేస్తారో చూపిన ఉదంతం 2020 మే నెలలో జరిగింది. ఇంగ్లండ్ మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఇయన్ రైట్‌ను తన జట్టులో పెట్టుకుని ఫిఫా అనే వీడియో ఆట ఆడిన 18 ఏళ్ల ఐరిష్ యువకుడు, ఆ ఆటలో ఓడిపోగానే ఇన్‌స్టాగ్రామ్‌లో రైట్‌కు వరసబెట్టి జాతి దూషణ సందేశాలు పంపాడు. తెర మీది బొమ్మ మీద వచ్చిన కోపం నిజమైన నల్లజాతి మనిషి మీదికి మళ్లింది. రైట్ వాటిని బయటపెట్టాడు, ఐర్లండ్ పోలీసులు కేసు పెట్టారు, యువకుడు తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు; 2021 ఫిబ్రవరిలో కెర్రీ ప్రాంతపు న్యాయమూర్తి అతని వయసును, పశ్చాత్తాపాన్ని చూసి నేరస్థుడనే ముద్ర లేకుండా వదిలిపెట్టాడు. వ్యక్తిగా తాను ముందే క్షమించానన్న రైట్, కోర్టు తీర్పు మాత్రం తనను నిరాశపరచిందన్నాడు. క్షమించడం బాధితుడి ఇష్టం, తప్పుకు వెల ఎంతో చెప్పడం వ్యవస్థ బాధ్యత. ఈ రెండింటినీ వేరుగా చూసిన రైట్ వైఖరిలో తప్పుపట్టవలసింది లేదు.

బ్రిటన్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఇది పరాయి వ్యవహారం కాదు. మైకులో వినిపించే యాసను బట్టో, ఖాతాకు పెట్టుకున్న పేరును బట్టో దక్షిణాసియా పిల్లవాడని పసిగట్టడం కష్టం కాదు, ఆపైన వచ్చే మాట ఏమిటో ఆ పిల్లలందరికీ తెలుసు. మరోవైపు తెలుగు పిల్లలు కూడా తిట్టేవారిలో ఉంటారని ఒప్పుకోవాలి. ఇంట్లో 'మీరు' అని పిలిచే పిల్లవాడు తలుపు వేసుకున్న గదిలో ఏ భాష మాట్లాడుతున్నాడో తల్లిదండ్రులకు తెలియకపోవడానికి కారణం హెడ్‌సెట్ ఒక్కటే కాదు. ఆఫీసు ఇంగ్లీషులో ఆరితేరినవారికి సైతం పన్నెండేళ్ల పిల్లల ఇంగ్లీషు అంతుపట్టదు. తెలిసినప్పుడు చాలా ఇళ్లలో మొదట జరిగేది కన్సోల్ వైరు, అంటే ఆట ఆడే యంత్రం వైరు, పీకేయడం. దాని ఫలితం ఊహించదగినదే: తిట్లు తిన్న పిల్లవాడు కూడా, చెబితే ఆట పోతుందన్న భయంతో నోరు విప్పడు. పైన చెప్పిన గణాంక సర్వేలో వేధింపుకు గురైన పిల్లల్లో నాలుగోవంతుకు పైగా ఎవరికీ చెప్పలేదని తేలింది.

ప్రభుత్వం వైపు నుంచి జరిగిన పనిలో మొదటి పెద్ద అడుగు మనస్తత్వ శాస్త్రవేత్త తాన్యా బైరన్ 2008 మార్చిలో సమర్పించిన నివేదిక. అప్పటి ప్రధాని గోర్డన్ బ్రౌన్ కోరిక మీద ఆమె ఇంటర్నెట్, వీడియో ఆటల వల్ల పిల్లలకు కలిగే హానిని పరిశీలించి, ఆటల పెట్టెల మీద వయసు సూచన స్పష్టంగా ఉండాలని, తల్లిదండ్రులకు అవగాహన పెరగాలని సూచించారు. ఆ చర్చ ఫలితంగా ఐరోపాలో చాలా దేశాల్లో వాడే పెగీ అనే వయసు సూచనకు బ్రిటన్‌లో చట్టబలం వచ్చింది. 3, 7, 12, 16, 18 అనే అంకెల్లో, 2012 జులై 30 నుంచి, 12 మొదలు పై అంకెలున్న ఆటలను ఆ వయసు నిండనివారికి దుకాణాల్లో అమ్మడం నేరం. ఆటలో బూతులుంటే తెలిపే గుర్తు కూడా పెట్టె మీద వేస్తారు. ఇక్కడొక తిరకాసు ఉంది. ఆ అంకె చాలా ఏళ్లపాటు ఆటను తయారుచేసినవారు అందులో పెట్టిన బొమ్మలనూ మాటలనూ కొలిచిందే తప్ప, ఆడేవారు ఒకరినొకరు అనుకునే మాటలను కొలవలేదు. ఫిఫా ఆటల మీద ఏళ్ల తరబడి ఉన్న అంకె 3.

ఆ లోటును పూడ్చే ప్రయత్నం రెండు దిక్కుల నుంచి వచ్చింది. వ్యక్తిగత సమాచార రక్షణను చూసే ఐసీఓ అనే కార్యాలయం రూపొందించిన బాలల నియమావళి 2021 సెప్టెంబరు 2 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చి, పిల్లలు వాడే సేవల్లో రక్షణ ఎక్కువగా ఉండే సెట్టింగ్‌లే మొదటి నుంచీ ఉండాలని చెప్పింది. ఆ తర్వాత 2023 అక్టోబరు 26న ఆన్‌లైన్ భద్రతా చట్టం ఆమోదం పొందింది. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలున్న ఆటలు కూడా దీని కిందికి వస్తాయి, పిల్లల రక్షణకు సంబంధించిన విధులు 2025 జులై 25 నుంచి అమలవుతున్నాయి, ఉల్లంఘించిన సంస్థకు ఆఫ్‌కామ్ 1.8 కోట్ల పౌండ్లు గానీ, ప్రపంచవ్యాప్త రాబడిలో 10 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత వరకు జరిమానా వేయవచ్చు. వేధింపు, జాతి ద్వేషం పిల్లలకు హాని చేసేవాటి జాబితాలో ఉన్నాయి. వట్టి బూతు ఆ జాబితాలో లేదు, ఉండనక్కరలేదు కూడా. అయితే చంపుతామని బెదిరించడం, తనను తాను తీవ్రంగా గాయపరచుకొమ్మని ప్రోత్సహించడం అదే చట్టం ప్రకారం వ్యక్తుల మీద మోపదగిన నేరాలు. ఇంగ్లండ్, వేల్స్‌లో పదేళ్లు నిండిన పిల్లవాణ్ణి నేరానికి బాధ్యుణ్ణి చేయవచ్చని, స్కాట్లండ్‌లో ఆ వయసు పన్నెండని కొత్తగా వెళ్లిన తల్లిదండ్రుల్లో ఎందరికి తెలుసో అనుమానమే.

చట్టం సంస్థల మెడ మీద ఉంటే, సంస్థలు యంత్రాన్ని కాపలా పెడతాయి. టెక్స్ట్ చాట్‌లో నిషిద్ధ పదాల జాబితాను పట్టుకుని వడగట్టే ప్రోగ్రామును ఫిల్టర్ అంటారు. రోబ్లాక్స్‌లో అలాంటి మాట కొట్టగానే దాని స్థానంలో వరసగా హ్యాష్ గుర్తులు పడుతూ వచ్చాయి. పిల్లలు అక్షరం మార్చో, మధ్యలో అంకె ఇరికించో దాన్ని బోల్తా కొట్టిస్తారు. ఫిల్టర్ అమాయకులను పట్టుకోవడమూ పాత కథే: 1996లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ ఏఓఎల్ ఫిల్టర్, ఉత్తర లింకన్‌షైర్‌లోని స్కన్‌థార్ప్ పట్టణవాసులను ఖాతా తెరవనివ్వలేదు, ఎందుకంటే ఇంగ్లీషులో ఆ ఊరి పేరు మధ్యలో నాలుగక్షరాల బూతు ఒకటి దాగి ఉంది. ఆ లెక్కన దీక్షితులు వంశపు పిల్లవాడు తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ముక్కలుగా చూసే యంత్రానికి అందులోనూ ఒక బూతు కనిపిస్తుంది. అదే పిల్లవాడు ఇంగ్లీషు లిపిలో చక్కని తెలుగు బూతు కొడితే, ఇంగ్లీషు జాబితా మాత్రమే తెలిసిన యంత్రం మర్యాదగా దారి వదులుతుంది. మైకులోని మాటను వినే యంత్రాలు కూడా వచ్చాయి. కాల్ ఆఫ్ డ్యూటీ ఆటలో 2023 నుంచి టాక్స్‌మాడ్ అనే ప్రోగ్రాము వాయిస్ చాట్‌ను పరిశీలిస్తోంది. ఎక్స్‌బాక్స్ అనే కన్సోల్‌లో అదే ఏడాది నుంచి తిట్టు విన్న ఆటగాడు 60 సెకన్ల వీడియోను భద్రపరచి ఫిర్యాదుకు జతచేయవచ్చు, తప్పు తీవ్రతను బట్టి పడే మచ్చలు ఎనిమిదికి చేరితే ఏడాది పాటు ఇతరులతో మాట్లాడే, కలిసి ఆడే సౌకర్యాలు పోతాయి.

ఇవన్నీ చెడ్డవారిని ఏరివేసే పద్ధతులు. కానీ ఏరివేయవలసిన చెడ్డవారు ఎందరన్నది చూస్తే కథ మారుతుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటను నడిపే అమెరికా సంస్థ రయట్ గేమ్స్‌లో పనిచేసిన శాస్త్రవేత్త జెఫ్రీ లిన్ బృందం లెక్కకట్టగా, అలవాటుగా తిట్టే ఆటగాళ్లు ఒక శాతమే ఉన్నారు, మొత్తం తిట్లలో వారి వాటా సుమారు 5 శాతమే. మిగతాదానిలో అధిక భాగం మామూలుగా సౌమ్యంగా ఆడుతూ ఆ రోజు ఏదో చిరాకులో ఉన్నవారి నోటి నుంచి వచ్చింది. అందుకే శిక్షలే కాక చిన్న చిన్న మార్పులు కూడా పనిచేశాయి. ఎదుటి జట్టుతో మాట్లాడే చాట్‌ను ముందుగానే ఆపి ఉంచి, కావాలనుకున్నవారే మీట నొక్కి తెరుచుకునేలా చేసినప్పుడు, చాట్ వాడకం తగ్గకుండానే అందులోని దూషణ దాదాపు మూడోవంతు తగ్గింది. ఒక్క మీట నొక్కే వ్యవధిలో ఉక్రోషం కొంత చల్లారుతుందన్నమాట. ఓవర్‌వాచ్ అనే ఆటలో, గెలిచినవారు ఎదుటివారిని చులకన చేస్తూ 'ఈజీ' అనే మాట కొట్టగానే యంత్రం దాన్ని తీసేసి, వారే తమను తాము వెక్కిరించుకుంటున్నట్టుండే వాక్యం పెట్టేది. కోపం కన్నా నవ్వు మేలని ఆ సంస్థ కనిపెట్టడం బాగుంది. ఆటల సంస్థ నింటెండో 2025 జూన్‌లో తెచ్చిన కొత్త కన్సోల్‌లో 16 ఏళ్ల లోపువారు మాటల సౌకర్యం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. ఫోర్ట్‌నైట్ సంస్థ ఎపిక్ గేమ్స్ మాత్రం చాలాకాలం పిల్లలకు చాట్‌ను తెరిచే ఉంచింది; 2022 డిసెంబరులో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ నుంచి 27.5 కోట్ల డాలర్ల జరిమానాతో పాటు, పిల్లలకు చాట్‌ను ముందుగా ఆపి ఉంచాలన్న ఆదేశం వచ్చింది. అపరిచితులతో పసిపిల్లల మాటను తెరిచి ఉంచి, ఆ తర్వాత బూతులు వచ్చాయని యంత్రాలు కొనడం వ్యాపారానికి లాభసాటి కావచ్చు గానీ, ఆటను రూపొందించిన తీరులోనే తప్పుందని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

బడికి ఇందులో పాత్ర లేదనడానికి వీల్లేదు. ఇంగ్లండ్‌లో 2006 విద్యా చట్టం ప్రకారం ప్రధానోపాధ్యాయులు, సముచితమైన మేరకు, బడి వెలుపలి ప్రవర్తనను కూడా క్రమశిక్షణ కిందికి తీసుకోవచ్చు. రాత్రి ఆటలో మొదలైన తగవు పొద్దున తరగతి గదిలోకి రావడం మామూలు కనుక ఈ అధికారం అవసరమే. బాలల భద్రతకు ప్రభుత్వం జారీచేసే మార్గదర్శకాలు ఆన్‌లైన్ ప్రమాదాలను నాలుగుగా చెబుతాయి: చూసేవి, కలిసేవారు, డబ్బుతో ముడిపడ్డవి, పిల్లల సొంత నడవడి. పిల్లల నడవడిని ఇందులో చేర్చడం వెనక ఉన్న ఆలోచన విలువైనది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన సోనియా లివింగ్‌స్టన్ వంటి పరిశోధకులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినట్టు, ఇంటర్నెట్‌లో పిల్లవాడు బాధితుడే కాదు, బాధపెట్టగల మనిషి కూడా. ఈ రోజు తిన్న తిట్టును రేపు మరొకరికి అప్పజెప్పేదీ అతడే.

ఇంట్లో చేయదగినవి పెద్ద విషయాలేమీ కావు. చాట్‌ను తెలిసిన స్నేహితులకే పరిమితం చేసే సెట్టింగ్ పెద్ద కన్సోళ్లలో ఉంది. బడిలో రేపు ముఖం చూపించవలసిన జట్టుతో ఆడే పిల్లవాడికి ఓపీ దంపతులు నమోదు చేసిన పాత కట్టుబాట్లన్నీ తిరిగి దొరుకుతాయి. తిట్టినవాణ్ణి మ్యూట్ చేయడం, అంటే అతని గొంతు తనకు వినపడకుండా చేసుకోవడం, ఆపైన ఫిర్యాదు చేయడం చాడీ కాదని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. ఆట మధ్యలో 'అన్నానికి రా' అని కేకేసి, రాలేదని తీగ లాగే పెద్దలు తెలుసుకోవలసింది ఒకటుంది: జట్టు ఆటల్లో మధ్యలో వెళ్లిపోయినవాడికి చాలాచోట్ల ఆటే శిక్ష వేస్తుంది, జట్టులోని మిగతావారి తిట్లు అదనం. 'ఈ ఆట అయ్యాక' అనే గడువు పెట్టి, ఆ గడువును ఖచ్చితంగా పాటింపజేయడం మేలు. తిట్టింది తమ పిల్లవాడే అయితే, ఏ మాట ఎవరిని అన్నాడో అతని చేతనే చెప్పించి, ఆ ఆటగాడు స్నేహితుడైతే క్షమాపణ చెప్పించాలి. వేధింపు ముదిరితే సందేశాలను తుడిచేయకుండా ఫొటో తీసి ఉంచాలి. ఇంట్లో చెప్పుకోలేని పిల్లలకు బ్రిటన్‌లో 1986 నుంచి పనిచేస్తున్న చైల్డ్‌లైన్ 0800 1111 నంబరులో ఉచితంగా, పగలూ రాత్రీ దొరుకుతుంది.

వీటన్నిటికన్నా ముందు చేయవలసినది ఖర్చులేనిది. బ్రిటన్‌లోనైనా, హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, ఈ వారం ఒక సాయంత్రం పిల్లల హెడ్‌సెట్ తీయించి, ధ్వనిని స్పీకర్‌లో పెట్టించి, ఒక ఆట మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో మందలించకుండా, పక్కన కూర్చుని వినాలని తల్లిదండ్రులకు మనవి.